కాలువ పడవలో కుక్కతో ఒక రోజు

ఇంగ్లండ్, వేల్స్ కాలువల మీద నారోబోట్ (కాలువలకు తగ్గట్టు కట్టిన సన్నటి, పొడవాటి పడవ) అద్దెకు తీసుకుని పెంపుడు కుక్కతో రోజంతా తీరిగ్గా గడపాలనుకునేవారు, అన్నిటికంటే ముందు దానికి వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తొడగాలి. ఎంత ఈత వచ్చిన కుక్కయినా నిటారుగా ఉన్న గట్టును తనంతట తాను ఎక్కలేదు. తడిసి బరువెక్కిన దాన్ని ఆ పిడి పట్టుకునే పైకి లాగాలి.

పడవ గంటకు 4 మైళ్ల వేగం దాటకూడదు కాబట్టి, ఒకరు చుక్కాని పట్టుకుంటే మరొకరు కుక్కతో గట్టు బాటన పక్కనే నడవవచ్చు. అది అలసిపోతే, కాలువ సన్నబడే వంతెన దగ్గర ఎక్కించుకోవడం తేలిక.

లాకుల దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు. మన గోదావరి కాలువల లాకుల్లాగే ఇక్కడా తలుపులు మూసి నీటిమట్టాన్ని మారుస్తారు. కుక్క ఒడ్డున ఉండగా గొలుసు పడవకు కట్టి ఉంటే, నీళ్లు దిగేకొద్దీ పడవ దాన్ని లోపలికి లాగేస్తుంది. అంతసేపూ దాన్ని పడవ గదిలో ఉంచి తలుపు వేయడమే మేలు.

వేల్స్‌లో కాలువనే డీ నది మీదుగా దాటించే, 1805లో ప్రారంభమైన పాంట్‌కసుల్తె కాలువ వంతెన మీద, నదికి 126 అడుగుల ఎత్తున, పడవకు ఒక పక్క కటకటాలే ఉండవు. అక్కడ మా కుక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాని గుండె దడ నా అరచేతికి తెలుస్తూనే ఉంది.