మా ఊరి పిల్లలకు ఘాజీ సినిమా చూపించాలంటే

నేను కొత్తపట్నం దగ్గర సైన్స్ టీచర్ని. 1971 యుద్ధంలో మన సబ్‌మెరైన్‌కూ, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీకీ మధ్య పోరుగా అల్లిన ఘాజీ సినిమాను మూడు బ్యాచ్‌ల పిల్లలకు చూపించాను. మీ ఊళ్లోనూ వేయాలనుకుంటే నా అనుభవం కొంత పనికొస్తుంది.

రోజు ఎంచుకోవడం ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. బడికి సెలవులిచ్చేలోపు ఆ వారంలోనే పెట్టుకోండి. నాన్నలు, తాతలు ఇళ్ల దగ్గరే ఉంటారు, వాళ్లనూ పిలవండి. మేం తుఫాను షెల్టర్లో వేస్తాం, కిటికీలకు టార్పాలిన్ కట్టి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు గానీ, సౌండ్ మాత్రం బాగుండాలి. మొదటిసారి ప్రొజెక్టర్లో ఉన్న చిన్న స్పీకర్‌తోనే వేశాను. సోనార్ (నీళ్లలో శబ్దంతో చుట్టూ ఏముందో పట్టే పరికరం) చప్పుడు ఫ్యాన్ల గోలలో కలిసిపోయింది. సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్లకు బయట ఏముందో కనపడదు, వినాల్సిందే. ఆ చప్పుడు అందకపోతే టెన్షన్ ఎక్కడిది? పిల్లలు అరగంటకే లేచిపోయారు. ఆ తర్వాతి ఏడాది పెళ్లిళ్లకు మైకు సెట్టు పెట్టే అతన్ని అడిగి రెండు బాక్సులు తెచ్చుకున్నాం. సోనార్ సీన్లలో ఫ్యాన్లు ఆపేస్తాం.

సినిమాకు ముందు పది నిమిషాలు ఈ ప్రయోగం చేయండి. లీటరు ప్లాస్టిక్ బాటిల్ నిండా నీళ్లు పోయండి. చిల్లు లేని పెన్ను మూత అంచుకు మైనం అంటించి, నీళ్లలో నిలువుగా, అంచు కిందికి ఉండి, కొస మాత్రమే పైకి తేలేలా సరిచూడండి. ఇక్కడే ఓపిక కావాలి. మైనం గోరంత ఎక్కువైనా మూత మునిగిపోతుంది. బిరడా బిగించి బాటిల్‌ను నొక్కితే నీళ్లు మూతలోకి ఎక్కి అది దిగిపోతుంది, వదిలితే పైకొస్తుంది. సబ్‌మెరైన్ ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది, గాలిని ఒత్తిడితో పంపి ఆ నీళ్లను బయటికి నెడితే తేలుతుంది. సినిమా చివర్లో పైకీ కిందికీ తప్ప కదలలేని సబ్‌మెరైన్‌తో కథలోని నేవీ అధికారి అర్జున్ వర్మ ఏం చేస్తాడో అప్పుడు మా ఆరో తరగతి పిల్లలకు కూడా అర్థమైంది.

మొదట్లో వచ్చే కల్పితం అన్న ప్రకటనను దాటేయకండి. అసలు చరిత్ర మాత్రం సినిమా అయ్యాకే చెప్పండి. ముందే చెబితే ఉత్కంఠ పోతుంది.

2017 ఫిబ్రవరిలో ఒంగోలు హాల్లో చూసినప్పుడు, సినిమాలో సబ్‌మెరైన్ లోపలివాళ్లు జనగణమన పాడగానే హాల్లో జనం లేచి నిలబడ్డారు. సినిమా కథలో వచ్చే జాతీయగీతానికి నిలబడక్కర్లేదని సుప్రీంకోర్టు విడుదలకు మూడు రోజుల ముందే చెప్పింది. అయినా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి అది మొదటి సినిమా, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. నీళ్లలో తీసినట్టు చూపించే గ్రాఫిక్స్ నాకు బలహీనంగానే అనిపించాయి. ఆ ఇరుకు గదుల సెట్టు, చెమట పట్టిన ముఖాలు మాత్రం నిజంలాగే ఉన్నాయి.

ఇక చరిత్ర. పాకిస్తాన్ నేవీ సబ్‌మెరైన్ పీఎన్ఎస్ ఘాజీ 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో విశాఖ దగ్గర మునిగింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఘాజీని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ నౌక అని మన నేవీ చెబుతుంది. లోపలి పేలుడు గానీ, తను సముద్రంలో పెట్టిన మైన్లు (మందుపాతరలు) గానీ కారణమని పాకిస్తాన్ అంటుంది. సినిమాలోలా సబ్‌మెరైన్ల మధ్య పోరు జరగలేదు. మర్నాడు నీళ్లపై తేలుతున్న సామాన్లు దొరికింది విశాఖ జాలర్లకే. ఈ మాట చెప్పగానే వెనక వరసల్లో పెద్దవాళ్లు ముందుకు జరుగుతారు.

పోయినసారి ఒక తాత అడిగాడు: “ఎంతమంది ఉండిరమ్మా అందులో?”

తొంభై మందికి పైనే, ఒక్కరూ బతకలేదని చెప్పాను.

“పడవ తీశారా పైకి?”

లేదు, అడుగునే ఉందన్నాను. అప్పటిదాకా ఈలలేసిన పిల్లలు కూడా మాట్లాడలేదు. ఆ పూట వేరే పాటలేమీ పెట్టకండి. లైట్లు వేసి, వాళ్లు అడిగేదాకా ఆగండి.