బ్లూటూత్ ట్రాకర్ ట్యాగులు: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, పోతే ఎలా వెతకాలి

ముందు ఒక అపోహ తీసేద్దాం. తాళాల గుత్తికి తగిలించుకునే ఈ చిన్న ట్యాగుల్లో జీపీఎస్ ఉండదు, సిమ్ కార్డు ఉండదు, ఇంటర్నెట్ అసలే ఉండదు. తానెక్కడుందో ట్యాగుకే తెలియదు. అది చేసేదల్లా కాస్త కాస్త విరామంతో "ఇక్కడున్నా, ఇక్కడున్నా" అని ఒక బలహీనమైన బ్లూటూత్ సిగ్నల్ వదులుతూ ఉండటం. ఆ దారిన పోయే ఎవరి ఫోనో అది విని, తన లొకేషన్‌ని దానికి జతచేసి కంపెనీ సర్వర్‌కి పంపిస్తే, అప్పుడు మీ మ్యాపులో చుక్క కనిపిస్తుంది. అంటే మీకు కనిపించే చుక్క ట్యాగు ఉన్న చోటు కాదు, దాన్ని చివరిసారి విన్న ఫోను ఉన్న చోటు. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే ఏ కంపెనీది కొనాలి, బ్యాగులో ఏ మూల పెట్టాలి, చుక్క కదలకపోతే టెన్షన్ పడాలా వద్దా అన్న ప్రశ్నల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

ఆ దారిన పోయే ఫోను వాళ్లకి మీ వస్తువు సంగతి తెలిసిపోతుందేమో అని కొందరికి అనుమానం. తెలియదు. లొకేషన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతారు, దాన్ని విప్పే తాళం మీ ఫోనులోనే ఉంటుంది. ట్యాగు వదిలే గుర్తింపు కూడా మాటిమాటికీ మారిపోతూ ఉంటుంది. ఇది ఆపిల్, గూగుల్ నెట్‌వర్కుల సంగతి. వేరే కంపెనీది తీసుకుంటే దాని ప్రైవసీ పేజీ ఒకసారి చూసుకోండి.

ఏది కొనాలో మీ ఫోనే చెబుతుంది

ట్యాగు అందం, రంగు, సౌండు అన్నీ తర్వాత. మొదట చూడాల్సింది అది ఎవరి నెట్‌వర్క్‌లో పనిచేస్తుందన్నది, అంటే దాన్ని విని చెప్పేది ఏ ఫోన్లన్నది. మీది ఐఫోన్ అయితే ఆపిల్ వాళ్ల ఎయిర్‌ట్యాగ్ గానీ, డబ్బా మీద "ఫైండ్ మై" (ఆపిల్ నెట్‌వర్క్ పేరు ఇదే) అని రాసి ఉన్న ఇతర కంపెనీల ట్యాగు గానీ తీసుకోండి. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ నెట్‌వర్క్‌కి సరిపోయేది చూడండి. అది 2024 ఏప్రిల్‌లో మొదలైంది, ఇప్పుడు పేరు ఫైండ్ హబ్. చిపోలో, పెబుల్‌బీ, మోటో ట్యాగ్ లాంటివి దీనికి వస్తాయి. శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్ మాత్రం గెలాక్సీ ఫోన్లతోనే నడుస్తుంది. ఆండ్రాయిడే కదా అని వేరే కంపెనీ ఫోనుతో జత చేయబోతే కుదరదు, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. టైల్ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది కానీ దానికి ఫోనుతో పాటే వచ్చే నెట్‌వర్క్ లేదు, విడిగా యాప్ వేసుకోవాలి. కొన్ని ట్యాగుల డబ్బా మీద ఆపిల్, గూగుల్ రెండు పేర్లూ ఉంటాయి, అలాంటివి కూడా ఒకసారికి ఒక నెట్‌వర్క్‌లోనే ఉంటాయి, రెండిట్లో కాదు.

ఇంట్లో ఒకరిది ఐఫోన్, ఇంకొకరిది ఆండ్రాయిడ్ అయితే ఉమ్మడిగా వాడే తాళాలకి కొంచెం చిక్కే. ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 నుంచి ఒక ఎయిర్‌ట్యాగ్‌ని మరో ఐదుగురితో పంచుకోవచ్చు, కానీ ఆ ఐదుగురివీ ఐఫోన్లే అయి ఉండాలి.

గూగుల్ నెట్‌వర్క్ వాడేవాళ్లు ఒక సెట్టింగ్ చూసుకోవాలి. ఎవరైనా ఒంటరిగా ఉన్న చోటు బయటపడకూడదని, మొదట్లో ఉండే సెట్టింగులో ఒకటికంటే ఎక్కువ ఫోన్లు ట్యాగుని పసిగడితేనే లొకేషన్ చూపిస్తుంది. జనం తిరిగే చోట ఇబ్బంది లేదు, నిర్మానుష్యంగా ఉండే చోట పడిపోతే మాత్రం చుక్క రాకపోవచ్చు. ఫైండ్ హబ్ సెట్టింగుల్లోకి వెళ్లి అన్ని ప్రాంతాల్లోనూ నెట్‌వర్క్ వాడే ఆప్షన్ ఎంచుకుంటే, అదే ఎంచుకున్న మిగతావాళ్లూ మీరూ ఒక్క ఫోను విన్నా ఒకరికొకరు సాయపడతారు.

ఇక తయారీ తీరు. ఎయిర్‌ట్యాగ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం, 11 గ్రాముల బరువు. తాళాలకి తగిలించుకోవడం కోసమే పుట్టిన వస్తువుకి రింగు పట్టే చిల్లు మాత్రం పెట్టలేదు! దాంతో హోల్డర్ విడిగా కొనాలి. స్పీకరుకి కూడా చిల్లు కనబడదు, ఎందుకంటే ఆ తెల్లటి పెంకే వణికి శబ్దం చేస్తుంది. ఆలోచన గొప్పదే, అయితే గట్టిగా బిగుసుకునే కవరు తొడిగితే ఆ పెంకుని మనమే నొక్కిపెట్టినట్టు అవుతుంది, సౌండు తగ్గుతుంది. 2023లో వచ్చిన స్మార్ట్‌ట్యాగ్2లో ఇలా కాదు, పెద్ద రింగే దాని ఒంట్లో భాగం. టైల్‌కి మొదట్నుంచీ మూలన చిల్లు ఉంది, మధ్యలో బటన్ రెండుసార్లు నొక్కితే మీ ఫోనే మోగుతుంది. ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోయేవాళ్లకి ట్యాగు కన్నా ఆ బటనే ఎక్కువ పనికొస్తుంది.

పర్సుకి గుండ్రటి ట్యాగు పెట్టకండి. ఉబ్బుతుంది, కూర్చున్నప్పుడు గుచ్చుకుంటుంది, రెండు వారాల్లో విసుగొచ్చి తీసి డ్రాయరులో పడేస్తారు. దానికి ఏటీఎం కార్డు ఆకారంలో వచ్చే పలచటివి ఉన్నాయి. వాటిలో చాలావరకు బ్యాటరీ మార్చలేం, కొన్నిటిని చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఏది తీసుకుంటున్నారో చూసుకుని కొనండి.

బాణం గుర్తుతో "ఎడమవైపు మూడు మీటర్లు" అని చూపించేది బ్లూటూత్ కాదు, అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే వేరే రేడియో. అది ట్యాగులోనూ ఉండాలి, ఫోనులోనూ ఉండాలి. ఐఫోన్ 11 నుంచి చాలా మోడళ్లలో ఉంది, ఎస్‌ఈ మోడళ్లలో లేదు. ఫోనులో లేకుండా దానికోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

జత చేసి, పేరు పెట్టి, ఒకసారి పరీక్షించండి

జత చేయడం నిమిషం పని. ప్లాస్టిక్ ట్యాబ్ లాగేసి ఫోను పక్కన పెడితే స్క్రీన్ మీద అదే అడుగుతుంది. పేరు పెట్టేటప్పుడు మాత్రం "ట్యాగ్ 1, ట్యాగ్ 2" అని పెట్టకండి, వస్తువు పోయిన కంగారులో ఏది ఏదో గుర్తురాదు. "నీలం సూట్‌కేసు", "బండి తాళం" అని పెట్టండి. తర్వాత వస్తువు మర్చిపోయి వెళ్లిపోతుంటే హెచ్చరించే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి, ఇంటికి మినహాయింపు ఇవ్వండి. లేకపోతే సూట్‌కేసు ఇంట్లో వదిలి బయటికెళ్లిన ప్రతిసారీ ఫోను గోల పెడుతుంది.

ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటి: ట్యాగుని అది ఉండబోయే చోటే పెట్టి, జిప్పు వేసి, పక్క గదిలోకి వెళ్లి మోగించండి. వినబడకపోతే చోటు మార్చండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఆ తరంగాలకి గుడ్డ, ప్లాస్టిక్, తోలు పెద్ద లెక్క కాదు. లోహం అడ్డుకుంటుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి. స్టీలు డబ్బా లోపల, ల్యాప్‌టాప్ కింద, నీళ్ల సీసా పక్కన పెడితే సగం చచ్చినట్టే. సూట్‌కేసులో అయితే బట్టల మధ్యలో కాకుండా లోపలి అస్తరు జేబులో, పైపెంకుకి దగ్గరగా పెట్టండి. అల్యూమినియం సూట్‌కేసు అయితే బయట తగిలించడమే మేలు. కారులో డాష్‌బోర్డ్ మీద వద్దు, ఎయిర్‌ట్యాగ్ తట్టుకునేది 60 డిగ్రీల సెల్సియస్ వరకే, ఎండలో నిలిపిన కారులో అద్దం దగ్గర అంతకు మించి పోతుంది.

విమానంలో చెక్ఇన్ బ్యాగులో పెట్టొచ్చా అని తరచూ అడుగుతుంటారు. పెట్టొచ్చు. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టిన పరిమితి 0.3 గ్రాముల లిథియం, ట్యాగులోని బిళ్ల బ్యాటరీలో ఉండేది అంతకంటే తక్కువే.

వస్తువు పోయినప్పుడు

మొదట చుక్కని కాదు, దాని కింద ఉన్న టైమ్‌ని చూడండి. "ఇప్పుడే" అంటే ఒక లెక్క, "నాలుగు గంటల క్రితం" అంటే ఇంకో లెక్క. పాత టైమ్ ఉంటే వస్తువు అక్కడే ఉందని గ్యారంటీ లేదు, కానీ కదిలిందనీ కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఫోనూ పోలేదేమో.

చుక్క ఉన్న చోటికి వెళ్లాక యాప్‌లో కనెక్ట్ అయ్యేదాకా మెల్లగా నడవండి. బయట ఖాళీ మైదానంలో కొన్ని పదుల మీటర్ల నుంచే అందుకోవచ్చు, గోడలుంటే పది మీటర్లు కూడా కష్టం. కనెక్ట్ కాగానే మోగించండి. అంతకంటే ముందు ఫ్యాన్, టీవీ కట్టేయండి. ఈ ట్యాగుల కూత సన్నగా, హెచ్చు స్థాయిలో ఉంటుంది, గోడలకి కొట్టుకుని ఎటునుంచి వస్తోందో చెవికి అంతుబట్టదు. నిలబడి తల అటూ ఇటూ తిప్పండి, తర్వాత రెండడుగులు వేసి మళ్లీ మోగించండి. సౌండు మూగగా వస్తుంటే వస్తువు బట్టల్లోనో పరుపు సందులోనో ఉందని అర్థం.

సౌండు వినబడని చోట ఒక చిట్కా ఉంది. యాప్‌లో సిగ్నల్ బలం చూపించే గుర్తు ఉంటుంది కదా, ఫోనుని ఛాతీకి ఆనించి పట్టుకుని నిలబడ్డ చోటే నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. మనిషి ఒళ్లంతా ఎక్కువభాగం నీళ్లే కాబట్టి మీ ఒళ్లే అడ్డుగోడ అవుతుంది. సిగ్నల్ బాగా పడిపోయిన వైపు వస్తువు మీ వెనక ఉన్నట్టు. ఆ గుర్తు ఆలస్యంగా మారుతుంది కాబట్టి తొందరపడకుండా తిరగాలి, ఒక చుట్టుకి అర నిమిషం పట్టినా ఫర్వాలేదు.

దొరకలేదా? పోయినట్టు మార్క్ చేసే ఆప్షన్ ఆన్ చేసి ఫోను నంబరు ఇవ్వండి. ఎయిర్‌ట్యాగ్ అయితే దొరికినవాళ్లు దాన్ని ఎన్‌ఎఫ్‌సీ (తాకిస్తే సమాచారం అందుకునే ఏర్పాటు) ఉన్న ఏ ఫోనుకి తాకించినా, ఆండ్రాయిడ్ అయినా సరే, మీ సందేశం తెరుచుకుంటుంది. విమానంలో బ్యాగు రాకపోతే ఐఓఎస్ 18.2 నుంచి లొకేషన్ లింకుని ఎయిర్‌లైన్‌కి పంపే వీలుంది. బ్యాగు చేతికొచ్చినా, ఏడు రోజులు దాటినా ఆ లింకు పనిచేయదు.

దొంగతనం సంగతి వేరు. ఈ ట్యాగులు మతిమరుపు కోసం చేసినవి, దొంగల కోసం కాదు. ఎందుకంటే ఎవరి వెంటైనా తెలియకుండా ట్యాగు పెట్టి నిఘా వేయకూడదని, తమది కాని ట్యాగు వెంట వస్తుంటే ఫోను హెచ్చరించే ఏర్పాటు ఆపిల్, గూగుల్ కలిసి 2024 మేలో తెచ్చాయి. ఐఓఎస్ 17.5, ఆండ్రాయిడ్ 6, ఆ పై వెర్షన్లలో ఇది ఉంది. ఆ హెచ్చరిక మీ బ్యాగు కొట్టేసిన వాడికీ వస్తుంది, వాడు ట్యాగు తీసి పారేస్తాడు. నన్నడిగితే ఈ లోటుతో సర్దుకుపోవడమే న్యాయం, దొంగ దొరకడం కంటే ఒక మనిషి భద్రత ముఖ్యం. చుక్క ఎవరింట్లోనో కనబడితే మీరు వెళ్లి తలుపు కొట్టకండి, పోలీసులకి చూపించండి.

అదే హెచ్చరిక మీకే వస్తే యాప్ నుంచే దాన్ని మోగించి వెతకండి. బ్యాగు అడుగు, కారు సీటు కింద, నంబరు ప్లేటు వెనక చూడండి. దొరికాక ఫోనుకి తాకిస్తే సీరియల్ నంబరు వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే బ్యాటరీ పీకండి. ఎవరో కావాలనే పెట్టారన్న అనుమానం ఉంటే ముందు పోలీసుల దగ్గరికి వెళ్లండి, బ్యాటరీ తీసేస్తే పెట్టినవాడికి మీకు తెలిసిపోయిందని అర్థమవుతుంది.

బ్యాటరీ

గుండ్రటి ట్యాగుల్లో ఎక్కువగా ఉండేది సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ పేరులోని అంకెలు అవే. ఎయిర్‌ట్యాగ్‌లో ఏడాదికి పైగా వస్తుంది. మార్చడానికి స్టీలు వైపు రెండు బొటనవేళ్లతో నొక్కిపెట్టి ఎడమకి తిప్పితే మూత ఊడుతుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెడితే చిన్న కూత వినబడుతుంది. అది రాకపోతే బ్యాటరీ తగల్లేదన్నమాట. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు బ్యాటరీకి చేదు పూత పూస్తాయి, ఆ పూత వల్ల కొన్ని ట్యాగుల్లో కనెక్షన్ అందదు. మంచి బ్యాటరీనే పాడైందనుకుని పారేసే ముందు డబ్బా మీద ఆ మాట ఉందేమో చూడండి.

పాత బ్యాటరీని టేబుల్ మీద వదిలేయకండి. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగారన్న అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ట్యాగుని ఇంకొకరికి ఇచ్చేస్తుంటే మాత్రం మీ అకౌంట్ నుంచి తీసేసి ఇవ్వండి. లేదంటే ఎయిర్‌ట్యాగ్ లాంటివి వాళ్ల ఫోనుతో జతపడవు.