పాత పార్ట్ పారేసే ముందు ఒకసారి చూడండి

ఫస్ట్ టైమ్ నా చేత్తో నేనే కారు ఇంజిన్ ఆయిల్ మార్చిన రోజు అంతా బాగానే చేశా అనుకున్నా. పాత ఆయిల్ దింపాను, ఫిల్టర్ విప్పి పక్కన పడేశాను, కొత్తది బిగించాను, ఆయిల్ పోసి స్టార్ట్ చేశాను, అర నిమిషం కూడా అవ్వలేదు, బండి కింద తేనె రంగు మడుగు. ఇప్పుడే డబ్బా విప్పి పోసిన కొత్త ఆయిలే అదంతా. ఆపేసి చూస్తే ఏంటంటే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఊడకుండా ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉంది, దాని మీద కొత్త ఫిల్టర్ రింగు ఎక్కి కూర్చుంది, రెండు రింగులు అలా ఒకదాని మీద ఒకటి ఉంటే ఆయిల్ ప్రెషర్‌కి నిలబడవు. పక్కన పడేసిన ఫిల్టర్‌ని ఒక్కసారి తిప్పి చూసుంటే రింగు లేదని అప్పుడే తెలిసిపోయేది. అప్పట్నుంచి అలవాటైపోయింది, బండిలోంచి ఏది ఊడదీసినా ముందు చూస్తా, తర్వాతే పారేస్తా. మీరు చేతులకి గ్రీజు అంటించుకోకుండా మెకానిక్‌తోనే చేయించుకుంటున్నా సరే, పాత పార్ట్‌లు చూపించమని పని మొదలుపెట్టకముందే చెప్పండి.

ముందు ఓనర్స్ మాన్యువల్ బయటికి తియ్యండి, కొన్నప్పట్నుంచి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పనిది ఒకటి ఉంటుంది చూడండి, అదే. ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకి, అన్నీ అందులో ఉంటాయి. కిలోమీటర్లు, నెలలు రెండూ రాస్తాడు, ఏది ముందొస్తే అది లెక్క. బండి ఎక్కువ తిప్పట్లేదు కాబట్టి ఆయిల్ మార్చక్కర్లేదు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరి ఆయిల్‌లోనే ఉండిపోతాయి, కాబట్టి హైవే మీద తిరిగే బండికన్నా దాని ఆయిలే తొందరగా పాడవుతుంది. దుమ్ము రోడ్లు, ట్రాఫిక్‌లో గంటలు గంటలు నిలబడ్డం, బరువు లాగడం, వీటికి మాన్యువల్‌లోనే వేరే లెక్క ఉంటుంది, చాలామంది బండ్లు నిజానికి ఆ లెక్కలోకే వస్తాయి.

ఆయిల్ చెక్ చెయ్యడం చాలా ఈజీ. చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేశాక ఓ పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి మళ్లీ పెట్టి తీసి చూడాలి, రెండు గీతల మధ్యలో ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అనుకోకండి, పై గీత బాగా దాటితే ఇంజిన్ లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికేస్తుంది, నురగ వస్తుంది, నురగతో లూబ్రికేషన్ అవ్వదు. గ్రేడ్ విషయానికొస్తే 5డబ్ల్యూ-30 లాంటి దాంట్లో డబ్ల్యూ అంటే వింటర్, చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో ముందు నంబర్, వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో వెనక నంబర్. మాన్యువల్ ఏది చెప్తే అదే పొయ్యండి, ఎవరో చిక్కటిది మంచిది అన్నారని మార్చకండి.

మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుద్ది. డ్రెయిన్ బోల్టుకి ఉండే వాషర్ కొత్తది వెయ్యాలి, అది నలిగి సీల్ అయ్యే రకం. కొన్ని బోల్టులకి చివర అయస్కాంతం ఉంటుంది, దాని మీద బూడిద రంగు పేస్టులా సన్నగా ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదలే, చేతికి తగిలే ముక్కలు, రేకులు ఉంటే మాత్రం లోపల ఏదో తినేస్తోంది. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, నల్లబడ్డం దాని పని, పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం నీళ్లో కూలెంటో (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కలుస్తోందని అర్థం. చలికాలంలో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొంచెం అలాంటిదే పట్టొచ్చు, అది తేమ, కానీ డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉండి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్) చూపించాల్సిందే. కొత్త ఫిల్టర్ రింగుకి వేలితో కొంచెం కొత్త ఆయిల్ రాసి, రింగు ఆనాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది చాలా ఫిల్టర్లకి, పానా పెట్టి బిగించకండి. పాత రింగు గురించి మళ్లీ చెప్పక్కర్లేదు అనుకుంటా.

ఎయిర్ ఫిల్టర్ రెండు క్లిప్పులు తీస్తే చేతికొచ్చేస్తుంది. దుమ్ము పట్టి ఉంటే మామూలే, ఎండుటాకులు, గడ్డి పోచలు ఉంటే ఎలుక కాపురం పెట్టిందన్నమాట, వైర్లు కూడా చూసుకోండి. నూనె మరకలుంటే ఇంజిన్ నుంచి ఆయిల్ ఆవిరి వెనక్కి తంతోంది, ఆ ఆవిరి పోయే దారిలో ఉండే వెంటిలేషన్ వాల్వ్ చెక్ చేయించాలి. ఏసీ గాలికుండే క్యాబిన్ ఫిల్టర్ వేరేది, ఎక్కువ బండ్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది, దాని మీద బాణం గుర్తు చూసి పెట్టాలి, అంతే. ఏసీ గాలి తక్కువొస్తోందని గ్యాస్ పట్టించే ముందు దాన్ని ఒకసారి చూడండి.

కూలెంట్ దగ్గర రెండు మాటలు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తియ్యొద్దు, లోపల ప్రెషర్ ఉండబట్టే అది మరక్కుండా ఆగింది, మూత తీశారంటే ఒక్కసారిగా మరిగి మీ మొహం మీదికి తన్నుద్ది. ఇంకోటి, రంగు చూసి కలపొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అన్నీ కంపెనీ వేసిన రంగులే, ఒకే రంగులో వేరే వేరే కెమికల్స్ ఉండొచ్చు. నీళ్లు కలపాల్సిన రకం అయితే డిస్టిల్డ్ వాటర్ కలపండి, కుళాయి నీళ్లలో ఉప్పు సున్నం లోపల గారలా పట్టేస్తుంది. కూలెంట్ కింద కారితే కడిగెయ్యండి, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, పిల్లులు కూడా నాకొచ్చు, అది విషం.

ఇప్పుడు బ్రేకులు, ఇక్కడ కొంచెం టైమ్ పెడదాం. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ మరిగే పాయింట్ పడిపోతుంది. డాట్ 4 (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక గ్రేడ్) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక స్టాండర్డ్ అడిగేది 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఫ్లూయిడ్ మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే దాదాపు రెండేళ్లకోసారి మార్చమంటారు. డాట్ 5 సిలికాన్ రకం, నంబర్ పెద్దదని డాట్ 4 ఉన్న బండిలో అది పొయ్యకూడదు, డాట్ 5.1 మళ్లీ వేరే, అది డాట్ 4 జాతే. పేరు పెట్టినవాడికో దండం.

డబ్బాలో ఫ్లూయిడ్ లెవెల్ మెల్లగా తగ్గుతుంటే వెంటనే పోసెయ్యకండి, ముందు ప్యాడ్లు (చక్రంతో తిరిగే డిస్క్‌ని నొక్కి ఆపేవి) చూడండి. ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని నెట్టే పిస్టన్ బయటికొస్తుంది, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ దిగుతుంది, కాబట్టి లెవెల్ తగ్గడం అంటే చాలాసార్లు ప్యాడ్ అరుగుదలే. పోసి ఫుల్ చేశారనుకోండి, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టన్ వెనక్కి నొక్కితే డబ్బా పొంగి పెయింట్ మీద పడుద్ది, పెయింట్ లేచిపోద్ది. అదే ఒక్కసారిగా తగ్గిందంటే లీకు, బండి తియ్యకండి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మార్చెయ్యాలి, ఒకే యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాల జత) మీద రెండు వైపులా మార్చాలి. తీసిన ప్యాడ్లని పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది కొత్తగా ఉందంటే కాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని ఉండే భాగం) జారాల్సిన పిన్నులు పట్టేశాయన్నమాట, పిన్నులు శుభ్రం చేసి బ్రేక్ గ్రీజు రాయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవి కూడా అలాగే పోతాయి. కాలిపర్‌ని రబ్బరు గొట్టానికి వేలాడదియ్యొద్దు, తీగతో పైన కట్టండి. అన్నీ బిగించాక బండి కదపకముందు పెడల్ నాలుగైదుసార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూడాలి, ఇది మర్చిపోతే మొదటి బ్రేక్ కొట్టినప్పుడు కాలు నేల దాకా పోతుంది, బండి ఆగదు.

చక్రం విప్పే పని ఏదైనా సరే, నట్లు నేల మీద ఉన్నప్పుడే కొంచెం లూజ్ చేసి అప్పుడు జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి, పక్కనోడు నేను చూస్తుంటాలే అన్నా సరే. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించండి, ఓ 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.

టైరు గాలి చల్లగా ఉన్నప్పుడు చూడాలి, ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చేసిన నంబర్ ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీ బండికి కావాల్సింది కాదు. టైరు అరిగిన తీరు చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి: మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండంచులు అరిగితే తక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ పోయింది, గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు అయిపోయుండొచ్చు. కారణం చూడకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే పోతాయి. గాడుల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు, టైరు వాటితో సమానం అయిందంటే ఇక అంతే. కొనేటప్పుడు పక్కన డాట్ అని మొదలయ్యే కోడ్ (బ్రేక్ ఫ్లూయిడ్ గ్రేడ్ కాదిది) చివర నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. కొత్త టైరు అని చెప్పి షాపులో ఏళ్ల తరబడి పడున్నది అంటగట్టకుండా ఉంటారు.

బ్యాటరీ సంగతి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) చెప్పేస్తుంది. బండి రాత్రంతా ఆపి ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్, 12.2 ఉంటే సగం. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు చాలా బండ్లలో 14 చుట్టుపక్కల చూపించాలి, అప్పుడు కూడా 12 దగ్గరే ఆడుతుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూడాలి, ఇది తెలియక ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చినవాళ్లున్నారు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు ముందు పాజిటివ్. స్టార్ట్ స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యేది) ఉన్న బండికి దాని రకం బ్యాటరీయే వెయ్యాలి, మామూలుది తొందరగా చచ్చిపోద్ది.

స్పార్క్ ప్లగ్గులు చల్లని ఇంజిన్ మీద విప్పండి, ఏది ఏ సిలిండర్‌దో వరసగా పెట్టుకోండి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, తడిగా ఆయిల్ ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోంది, తెల్లగా పొక్కులొచ్చుంటే అతిగా వేడెక్కుతోంది. కొత్తది మొదట చేత్తోనే తిప్పండి, మరలు తప్పుగా ఎక్కాయంటే సిలిండర్ హెడ్ పని పడుద్ది. టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు, వాల్వులు లెక్క తప్పకుండా కదిలేలా చూసే బెల్ట్) ఉన్న బండి అయితే మాత్రం చూసి, ఆగి, ఇంకొన్నాళ్లు అనే బేరం పెట్టుకోవద్దు. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి గుద్దుకుంటాయి. కిలోమీటర్లు అవ్వకపోయినా ఏళ్లు అయితే మార్చాలి, వాటర్ పంప్ దాంతోనే తిరిగే ఇంజిన్ అయితే బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్‌తో పాటు అది కూడా అప్పుడే వేయించండి, ఎందుకంటే విప్పే పని అంతా ఒకటే.

పార్ట్‌లు కొనడం గురించి. మోడల్ పేరు, సంవత్సరం చెప్తే సరిపోదు, ఒకే ఏడాదిలో మధ్యలో పార్ట్ మార్చేస్తారు కంపెనీవాళ్లు. బండి మీద 17 అక్షరాల వీఐఎన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఉంటుంది, అది ఇచ్చి పార్ట్ నంబర్ తీయించండి. అందులో ఓ, ఐ అక్షరాలు ఉండవు, సున్నా ఒకటితో కన్ఫ్యూజ్ అవ్వకూడదని వాడరు, కాబట్టి గుండ్రంగా ఉన్నది సున్నాయే. కంపెనీ డబ్బాలో వచ్చే పార్ట్ చాలావరకు వేరే తయారీదారు చేసిందే, అదే తయారీదారు సొంత డబ్బాలో అమ్మేది తక్కువకి దొరుకుతుంది, నేను ఎక్కువగా అదే తీసుకుంటా. ఫిల్టర్లు, వైపర్లు, బల్బులకి మంచి పేరున్న బయటి బ్రాండ్ ఏదైనా ఓకే. బ్రేకులు, స్టీరింగ్, టైమింగ్ బెల్ట్ దగ్గర మాత్రం చవక వెతకను. డూప్లికేట్ సరుకు బరువులో, అచ్చు అక్షరాల్లో దొరికిపోతుంది, పాతది చేతిలో ఉంటే పక్కన పెట్టి పోల్చండి. సెకండ్ హ్యాండ్‌లో డోర్, అద్దం, సీటు కొనండి, ఎయిర్‌బ్యాగ్, బ్రేక్ ప్యాడ్ కొనకండి.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ చూడొచ్చు, కానీ కోడ్ చెప్పేది ఏ పార్ట్ పోయిందో కాదు, ఎక్కడ తేడాగా ఉందో. పి0420 అనే కోడ్ వచ్చిందని వెంటనే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే పార్ట్) కొనేస్తారు, ఖరీదైన పార్ట్ అది, పొగ గొట్టం లీకైనా, సెన్సర్ పాడైనా అదే కోడ్ రావొచ్చు.

పాత ఆయిల్‌ని కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి తీసుకునేవాళ్లకి ఇచ్చెయ్యండి. సెన్సర్లు, కాయిల్స్, రిలేల లాంటివి మార్చినప్పుడు పాతవాటిని నేను వెంటనే పారెయ్యను, కొత్తది వచ్చిన డబ్బాలోనే పెట్టి మీద తేదీ, మీటర్ రీడింగ్, ఎందుకు మార్చానో రాసి నెలరోజులు ఉంచుతా. రెండుసార్లు కొత్తదే చెడిపోయినది వచ్చింది, పాతది మళ్లీ పెట్టుకునే ఇంటికొచ్చా.