పరిశ్రమ వస్తుందంటే ఏ శాఖను ఏమి అడగాలి?

మీ మండలంలో సిమెంటు కర్మాగారమో, మందుల పరిశ్రమో వస్తోందని తెలిసినప్పుడు చాలామంది అర్జీ పట్టుకొని నేరుగా పరిశ్రమల శాఖ అధికారుల దగ్గరికే వెళతారు. పెట్టుబడులు రప్పించడం, రాయితీలు ఇవ్వడం ఆ శాఖ బాధ్యత. ఆ పరిశ్రమ అక్కడ ఉండదగినదా కాదా అని తేల్చే అధికారం మాత్రం దానికి లేదు. వేర్వేరు శాఖల అనుమతులను ఒకేచోట ఇచ్చే సింగిల్ విండోలో అనుమతులు వచ్చాయని చెప్పినా, పర్యావరణ అనుమతి వచ్చిందా అని విడిగా అడగండి.

ఆ అనుమతి కేంద్రం జారీ చేసిన 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఇస్తారు. పరిమాణాన్ని, ప్రభావాన్ని బట్టి ప్రాజెక్టులను అందులో కేటగిరీలుగా విభజించారు. 'ఎ' కేటగిరీ ప్రాజెక్టులను కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ, 'బి' కేటగిరీ ప్రాజెక్టులను రాష్ట్రస్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ పరిశీలిస్తాయి. ఏ కేటగిరీయో తెలిస్తే అర్జీ ఎవరికి పెట్టాలో తెలిసినట్టే. దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఈ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ పోర్టల్‌లో చూడవచ్చు. అటవీ భూమి ఉంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం (2023లో దాని పేరు వన్ సంరక్షణ్ ఏవం సంవర్ధన్ అధినియమ్‌గా మారింది) కింద కేంద్రం ఆమోదం వేరుగా కావాలి. అక్కడి గిరిజనుల హక్కులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది, దాని అమలు బాధ్యత కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖది. ఇక నీటి, వాయు కాలుష్య చట్టాల కింద ఉత్పత్తి మొదలుపెట్టే ముందు సమ్మతి ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి.

ఇన్ని శాఖల మధ్య సామాన్యుడి మాట నేరుగా రికార్డులోకి ఎక్కే చోటు ప్రజాభిప్రాయ సేకరణ సభ. అన్ని ప్రాజెక్టులకూ అది ఉండదు, 'బి' కేటగిరీలోనే పర్యావరణ ప్రభావ నివేదిక అవసరం లేని 'బి2' రకానికి మినహాయింపు ఉంది. ఉన్నచోట కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. ప్రకటన చూసిన రోజే కలెక్టరేట్‌కో, జిల్లా పరిశ్రమల కేంద్రానికో వెళ్లి పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదికను, తెలుగులో ఉండే సారాంశాన్ని చదవండి. నీళ్లు ఏ చెరువు నుంచి తీసుకుంటారో, వ్యర్థ జలాలు ఏ వాగులోకి వదులుతారో, బూడిద ఎక్కడ పోస్తారో సర్వే నంబర్లతో సహా రాసుకోండి. "పరిశ్రమ వద్దు" అన్న ఒక్క మాటకన్నా, "నివేదికలో మా ఊరి చెరువు ప్రస్తావనే లేదు" అన్న మాటకు జవాబు చెప్పక తప్పదు. నోటితో చెప్పినదాన్నే కాగితం మీద కూడా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సభ చివర అక్కడ జరిగిన చర్చల సారాంశాన్ని ప్రజలకు స్థానిక భాషలో చదివి వినిపించాలని నిబంధన ఉంది కనుక, అప్పటిదాకా కదలకుండా ఉండి, మీరు లేవనెత్తిన అంశం అందులో లేకపోతే అక్కడే చెప్పి చేర్పించండి.

పర్యావరణ అనుమతి వచ్చాక అభ్యంతరం ఉంటే, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయవచ్చు. మన రెండు రాష్ట్రాలకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం ఉంది. ఉత్తర్వు తెలిసిన నాటి నుంచి గడువు 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అనుమతించవచ్చు గానీ, అది దాటాక వేసిన అప్పీలును స్వీకరించరు.