కంచి యాత్రకు చెన్నై నుంచి బయలుదేరే ముందు

కథ కంచికి చేరినంత సులువుగా మనం చేరలేము. దూరం దాదాపు 75 కిలోమీటర్లే అయినా, మధ్యాహ్నం మూసిన ఆలయాలను సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో గాని తెరవరు కనుక, చెన్నైలో మాంబళం, తాంబరం వైపు ఉన్న మనవాళ్లు తెల్లవారుజామునే బయలుదేరాలి. చెంగల్పట్టు మీదుగా నేరుగా కాంచీపురం వెళ్లే లోకల్ రైళ్లు తక్కువ కాబట్టి వేళలను ముందే చూసుకోవాలి.

ఏకాంబరేశ్వరునిది పృథ్వీలింగం, అంటే మట్టి లింగం. దానికి జలాభిషేకం చేయరు గనుక పాల చెంబు తీసుకెళ్లి అర్చకులతో వాదించకూడదు. ఎండవేళ ప్రాంగణంలోని రాతి పలకలు అరికాళ్లను చురుక్కుమనిపిస్తాయి, కాబట్టి పాత మేజోళ్లు ఒక జత సంచిలో ఉంచుకోవడం మేలు. తమిళనాడు ఆలయాల్లో సెల్‌ఫోన్లను నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2022లో ఆదేశించినందున, లోపల తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవాలి.

వరదరాజస్వామి ఆలయంలో బంగారు, వెండి బల్లులను తాకాలంటే మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తొందరపెట్టకూడదు. అక్కడి కోనేటి నీళ్లలో ఉంచే అత్తి చెక్క వరదరాజ విగ్రహం, అంటే అత్తివరదర్ దర్శనం నలభై ఏళ్లకొకసారే, కడపటిది 2019లో జరిగింది. ఇప్పుడు ఆ ఆశతో వెళ్లకండి. కైలాసనాథాలయ గర్భగుడి చుట్టూ ఉన్న సన్నని దారిలో పాకుతూ వెళ్లాలి కనుక, భారీకాయులు ముందుగా ఆలోచించుకోవాలి.

పట్టుచీరల దుకాణానికి తామే తీసుకెళ్తామనే ఆటోవాళ్లకు మర్యాదగా వద్దని చెప్పి, కొనేటప్పుడు అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ చూసుకోవాలి.