కారు డిక్కీ సదురుడు: టెంటు పట్టుకొని లక్నవరం, బొగత దిక్కు పోయేటోళ్లకు

ముందుగాల మా ముచ్చట చెప్త. పోయిన చలికాలంల ములుగు జిల్లాల పస్రా దాటి తాడ్వాయి దిక్కు పోతుంటే మా వ్యాగనార్ ఎన్క టైరు పంక్చరయింది, రాత్రి ఏడు దాటింది, అటు అడవి ఇటు అడవి, స్టెప్నీ ఏమో డిక్కీ అడుగున, దాని మీద నలుగురి రెండ్రోజుల సంసారం. ఇగ ఏం జేస్తం, రోడ్డు పక్కకు జంపఖానా పరిచి బియ్యం డబ్బా, గంజులు, చద్దర్లు, నీళ్ల క్యాను అన్నీ దించినం. అటు పోయే లారీ డ్రైవరొకాయన స్లో చేసి "ఏందన్నా, ఇల్లు ఖాళీ చేస్తున్రా" అని అడిగిపోయిండు. జాకీ దొరకనీకే ఇరవై నిమిషాలు పట్టింది.

అప్పటిసంది నేను సామాను ఎట్ల పడ్తదని చూస్తలేను, ఎట్ల తీస్తమని చూస్తున్న.

బయలెల్లే ముందురోజే అంతా ఇంటి ముంగట పరుచుండ్రి. మూడు కుప్పలు చెయ్యాలె. దారిల కావాల్సినవి ఒకటి, దిగంగనే కావాల్సినవి ఒకటి, తెల్లారేదాక అక్కర లేనివి ఒకటి. ఆ మూడో కుప్ప అందరికన్న ముందు లోపటికి పోవాలె, టెంటు, టార్పాలిన్, టార్చిలైటు ఆఖర్ల పైన పెట్టాలె. మనం చేసేది సరిగ్గ దీనికి ఉల్టా, టెంటు బరువుంటదని అడుగున తోస్తం, చీకట్ల దిగినంక దానికోసం డిక్కీ మొత్తం గెలుకుతం.

సూట్‌కేసులు తేకుండ్రి, వాటి చక్రాలకు, హ్యాండిల్‌కే సగం జాగ పోతది. మార్కెట్ల పాత టమాట ట్రేలు దొరుకుతయి గదా, గవి రెండు మూడు తెచ్చుకుంటే ఒకదాని మీద ఒకటి నిలవడ్తయి, లోపల ఏమున్నదో సందులల్లకెల్లి కనవడ్తది, పంక్చరైతే మూడు మోపులల్ల మొత్తం కిందికి దించొచ్చు. బట్టలు మెత్తటి సంచులల్ల పెట్టి ట్రేల సందుల్ల కుక్కుండ్రి. వ్యాగనార్ డిక్కీ 341 లీటర్లు అంటరు, వినడానికి బాగనే ఉంటది గని సీఎన్‌జీ బండయితే సిలిండరే సగం మింగుతది, అసొంటోళ్లు ముగ్గురే పోయి ఎన్కసీట్ల ఒక దిక్కు సామానుకు ఇడిసిపెట్టుడు మేలు.

జాకీ, వీల్ స్పానర్ మాత్రం స్టెప్నీ దగ్గర ఉంచకుండ్రి. పాత గుడ్డల చుట్టి డ్రైవర్ ఎన్క సీటు కింద పెట్టుకోండ్రి. స్టెప్నీల గాలి ఉన్నదా లేదా అది గూడ చూడుండ్రి, మాదాంట్ల సగమే ఉండె.

బరువు సంగతి. 20 లీటర్ల నీళ్ల క్యాను అంటే 20 కిలోలు, దాన్ని డిక్కీ తలుపు దగ్గర పెడ్తే బండి ఎన్కకు కుంగుతది, ముంగట లైట్లు పైకి లేచి ఎదురొచ్చేటోని కండ్లల్ల కొడ్తయి. క్యాను, బియ్యం అసొంటి బరువులు సీటు వీపుకు ఆనిచ్చి అడుగున పెట్టాలె, తాడుతోని కట్టాలె. చానా కార్లల్ల స్టీరింగ్ పక్కన 0, 1, 2 అని చిన్న చక్రం ఉంటది, లోడున్నప్పుడు దాన్ని తిప్పితే లైటు కిందికి దిగుతది, ఎవ్వలూ ముట్టరు దాన్ని. టైర్ల గాలి గూడ ఫుల్ లోడుకు వేరే లెక్క ఉంటది, డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కర్ మీద ఉంటది, పొద్దుగాల టైర్లు చల్లగున్నప్పుడే కొట్టియ్యాలె.

సీటు వీపు కన్న ఎత్తు పేర్చకుండ్రి. ఎన్క అద్దంల రోడ్డు కనవడదు, పైగా బర్రె అడ్డమొచ్చి బ్రేకు కొడ్తే గంజు వచ్చి నెత్తికి తాకుతది.

వంట సామానంతా ఒక్క ట్రేల. చిన్న క్యాన్ స్టవ్వు చాలు, ఇంట్ల 5 కిలోల సిలిండర్ కార్ల ఎక్కించుడు నాకైతే నచ్చదు, లీకైతే లోపట కూసున్నోళ్ల గతేంది. ఆ చిన్న గ్యాస్ డబ్బాలు గూడ ఎండల నిలవెట్టిన కార్ల ఇడిసిపోవద్దు. ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డ ఉంటే పచ్చిపులుసుకు స్టవ్వు గూడ అక్కర లేదు. మొదటి పూటకు సర్వపిండి చేసుకపోతే ఇంక నయం, అది మాత్రం ముంగటి సీట్ల దగ్గర ఉండాలె, డిక్కీల పెడ్తే దారిల ఎవ్వడో ఒకడు ఆపు ఆపు అంటడు. నీళ్ల సీసా డ్రైవర్ కాళ్ల దగ్గర వద్దు, దొర్లి బ్రేకు కిందికి పోతది. రామప్ప కాడ ఆగితే అద్దాలు మూసుండ్రి, కోతులకు సంచి గుంజుడు మనకన్న బాగొస్తది.

పరుపులకు జాగ లేకపోతే వరంగల్ కొత్తవాడ జంపఖానా ఒకటి చాలు, 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చింది గవే, మడిస్తే సీటు మీదనే పడ్తది, టెంటు అడుగున పరుస్తే చలి రాదు.

పెట్రోల్ ములుగులనే నింపుకోండ్రి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండ్రి. ఏటూరునాగారం అభయారణ్యంల పర్మిషన్ లేకుండ టెంటు వేసుడు, మంట పెట్టుడు కేసే, లక్నవరం కాడ అయితే ఎక్కడ వేసుకోవచ్చో అక్కడోళ్లను అడిగి వేసుకోండ్రి.

వచ్చేటప్పుడు మళ్ల గిట్ల సదురుడు ఎవ్వలకూ ఓపికుండదు, నాకు గూడ ఉండదు. అందుకే పోయేటప్పుడే రెండు ఖాళీ యూరియా సంచులు పెట్టుకపోతం, ఒకటి చెత్తకు, ఒకటి మంచుకు తడిసిన టెంటుకు. ఇంటికొచ్చిన రోజే టెంటు డాబా మీద ఆరెయ్యాలె. మేము ఒకసారి వారం మర్చిపోయినం, బూజు పట్టి ఆ వాసన కార్లకెల్లి ఉగాది దాక పోలే.