లారీ ఎడమ పక్కకి ఒక కన్ను – మూడో పాఠం: నేల మీద గీత, తెర మీద గీత

లారీ ఎడమ పక్కన ఎవరైనా దూరితే బజర్ మోగించి డ్రైవరుకి చెప్పే ఏర్పాటు చేస్తున్నాం కదా. గత పాఠంలో ఎడమ అద్దం స్టాండుకి వెనక్కి చూసేలా కెమెరా బిగించాం. బొమ్మలో ఏముందో గుర్తుపట్టే యోలో మోడల్‌తో మనుషుల చుట్టూ, సైకిళ్లు, మోటార్‌సైకిళ్ల చుట్టూ బాక్సులు పడేలా చేశాం. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. బండి కనపడటం వేరు, అది మన చక్రాల దారిలో ఉందని తెలియడం వేరు.

అంబాజీపేటలో కొబ్బరికాయలు ఎత్తుకున్న లారీ కాలవ గట్టు మీంచి ఎడమకి, వంతెన మీదికి తిరుగుతోందనుకోండి. డ్రైవరు కూర్చునేది కుడివైపు. ముందు చక్రాలు తిరిగినంత వెడల్పుగా వెనక చక్రాలు తిరగవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. లారీకీ గట్టు అంచుకీ మధ్య దూరిన మోపెడ్‌కి ఒకపక్క చక్రం, ఇంకోపక్క కాలవ. ఆ సందే మనం కాపలా కాయాల్సిన చోటు.

ముందు దాన్ని నేల మీద గీయాలి. చదునైన ఖాళీ జాగాలో లారీ నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకి అడ్డు పెట్టండి. క్యాబిన్ తలుపు నుంచి వెనక చక్రం దాటి ఒక మీటరు దాకా పొడవు, లారీ పక్క నుంచి 3 మీటర్ల వెడల్పు. సున్నంతో గీయండి. చేపల చెరువుల్లో సున్నం చల్లే ఊళ్లో దానికి కొదవుండదు కదా. కెమెరాతో ఒక ఫొటో తీసి, నాలుగు మూలలూ ఏ పిక్సెల్ మీద పడ్డాయో రాసుకోండి. వైడ్ యాంగిల్ లెన్స్ అయితే గీతలు విల్లులా వంగుతాయి. అప్పుడు మూలలు చాలవు, అంచుల వెంట మీటరుకొక చుక్క తీసుకోవాలి. బంపరు ముందు భాగం ఈ కెమెరాకి అందదు, దానికి ఇంకో కెమెరా కావలసిందే.

ఇప్పుడు అసలు కిటుకు. బాక్సు మధ్య బిందువుని చూడకండి, కింది అంచు మధ్య బిందువుని తీసుకోండి. టైరు, పాదం నేలకి ఆనేది అక్కడే. మధ్య బిందువు తీసుకుంటే గీతకి లోపల నిలబడ్డ పొడుగు మనిషి కూడా బయట ఉన్నట్టే లెక్కపడొచ్చు. ఆ కింది బిందువునీ మన చుక్కల జాబితానీ ఓపెన్‌సీవీ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీలోని పాయింట్‌పాలిగాన్‌టెస్ట్ అనే ఫంక్షన్‌కి ఇవ్వండి. ప్లస్ వస్తే లోపల, మైనస్ వస్తే బయట, సున్నా వస్తే సరిగ్గా గీత మీద. మన లెక్కలో సున్నా కూడా లోపలే.

ఒక ప్రమాదం ఉంది. మనిషి కెమెరాకి మరీ దగ్గరికొస్తే కాళ్లు ఫ్రేములోంచి తెగిపోతాయి, కింది బిందువు తప్పు చెబుతుంది. అందుకే బాక్సు ఫొటో అడుగు అంచుకి తగిలితే, పరీక్షతో పని లేకుండా లోపల ఉన్నట్టే రాయండి.

సైకిల్‌కి రెండుపక్కలా కొబ్బరి గెలలు వేలాడుతుంటే మోడల్‌కి సైకిల్ కనపడకపోవచ్చు, తొక్కే మనిషి మాత్రమే కనపడొచ్చు. కాబట్టి రకాన్ని బట్టి హెచ్చరిక వేరు చేయకండి, ఏదైనా ఒకటే. మోడల్ నేర్చుకున్న కోకో డేటాసెట్‌లో, అంటే పేర్లు రాసి పెట్టిన ఫొటోల గుట్టలో, 80 రకాలున్నాయి గానీ ఆటో లేదు, గేదె లేదు. ఆటో కావాలంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌తో మళ్లీ నేర్పాలి. అది తర్వాత.

ఒక్క ఫ్రేములో మెరిసి మాయమయ్యేదానికి బజర్ మోగకూడదు. అనవసరంగా మోగే బజర్ వైరు డ్రైవరు రెండోరోజే పీకేస్తాడు, అందులో ఆయన తప్పేం లేదు. వరసగా మూడు ఫ్రేముల్లో లోపల ఉంటేనే లెక్క. సెకనుకి 10 ఫ్రేములైతే 0.3 సెకను. లారీ కంటే గంటకి 10 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వచ్చే బండి ఈలోగా సుమారు 80 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. ఆ ఆలస్యం పర్వాలేదు, అంతకుమించి పెంచొద్దు.

ఇంటిపని: ఆగి ఉన్న లారీ పక్కన, ఇంజను ఆపి ఉండగానే, ఒకరిని సున్నం గీత వెంట నడిపించి, తర్వాత సైకిల్ మీద తిప్పి, వీడియో తీయండి. గీత దాటిన క్షణానికీ బజర్ మోగిన క్షణానికీ తేడా ప్రతిసారీ రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో లెన్స్ మీద వాన చుక్కలు, రాత్రిపూట ఎదురొచ్చే హెడ్‌లైట్ల సంగతి చూద్దాం. అప్పుడు ఈ అంకెలే కావాలి.